దసరాకి పల్లె బాట

దసరా సెలవులంటే హాస్టల్ పిల్లలు పెట్టె సర్దుకుని ఇంటికి పరుగెడతారు. పుట్టపర్తిలోని సత్యసాయి విశ్వవిద్యాలయం విద్యార్థులు మాత్రం ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల దారి పడతారు. దానిపేరు గ్రామసేవ. 2000లో మొదలైంది. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా కన్నుమూసిన తర్వాతా కొనసాగింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పులిహోర, లడ్డు పొట్లాలు కట్టి, ఊరూరికీ తీసుకెళ్లి గడపగడపకూ ఇచ్చి రావడం. కానీ ఒకటీ రెండూ ఊళ్లు కాదు... పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు చుట్టూ ఉన్న పల్లెలు, వేల ఇళ్లు. అందుకే తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. నిన్నటిదాకా ఫిజిక్స్ ల్యాబులో ఉన్న కుర్రాడి చేతులకు ఇవాళ పసుపు, చింతపండు వాసన!

ఊళ్లోకి భజన పాడుకుంటూ వెళతారు. వాళ్లలో తెలుగు రానివాళ్లూ ఎందరో. దేశం నలుమూలల నుంచీ వచ్చి చదువుకుంటున్నవాళ్లు మరి. 'సాయిరాం' అన్న ఒక్కమాటతోనే పని గడుపుకోవాలి. గడపలో కూర్చున్న అవ్వ ఊరుకుంటుందా? 'ఏ ఊరు నాయనా? అమ్మానాయనా బాగుండారా?' అని మొదలుపెడుతుంది. పొట్లం అరుగుమీద పెట్టి వెళ్లిపోతే ఊరు అరగంటలో అయిపోతుంది. చేతికివ్వాలంటే మనిషి కోసం ఆగాలి. అసలు పాఠం ఆ ఆగడంలోనే ఉంది.

ఇది దేశంలో బాగా తక్కువ వానపడే ప్రాంతాల్లో ఒకటి. దసరా నాటికి చేలల్లో వేరుశనగ... ఇక్కడివాళ్ల మాటలో శెనక్కాయ... పీకే రోజులు దగ్గరపడతాయి. అదునులో వాన కురిస్తే కళ్లం నిండుతుంది. లేదంటే కాయలేని చెట్టు పశువులకు మేత. అలాంటి ఏడు పనికోసం బెంగళూరు బస్సెక్కేవాళ్లు ఎక్కువ. పొట్లం పట్టుకుని వెళ్లిన కుర్రాడికి కొన్ని తలుపులకు తాళాలే కనిపిస్తాయి.

నిజానికి ఒకపూట పులిహోరతో ఈ ఊళ్ల కష్టం తీరదు. వీటికి కావలసింది నీళ్లు. బడి, ఆసుపత్రి, తాగునీరు... ఈ మూడూ కావాలని సత్యసాయిని తల్లి ఈశ్వరమ్మ అడిగిందని భక్తులు చెప్పుకుంటారు. మూడోది 1990ల మధ్యలో తీరింది. ఫ్లోరైడ్ బోర్లతో సతమతమైన అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామాలకు సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం నిర్మించింది. తపాలా శాఖ 1999లో దానిమీద స్టాంపు కూడా వేసింది. దానికి ఇంజినీర్లు, పైపులు, కోట్ల రూపాయలు కావాల్సి వచ్చాయి. పొట్లానికి రెండు కాళ్లు చాలు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

మరి ఈ సేవ ఊరి కోసమా, విద్యార్థి కోసమా? ఎక్కువగా విద్యార్థి కోసమే. అందులో తప్పేముంది? 1981లో మొదలైన ఈ విశ్వవిద్యాలయంలో ఫీజు లేదు. అంటే పొట్లం ఇచ్చే కుర్రాడి చదువూ ఎవరో ఇచ్చిందే. రేపు బ్యాంకులోనో, పరిశోధనశాలలోనో కూర్చున్నప్పుడు 'కరవు ప్రాంతం' అన్న మాట కాగితంమీద కనపడితే, అతనికి ఒక అవ్వ మొహం గుర్తొస్తే చాలదూ!

పుట్టపర్తి 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా కేంద్రం. ప్రశాంతి నిలయం స్టేషన్‌లో రైలు దిగి ఊళ్లోకి రావచ్చు. బెంగళూరు నుంచి రోడ్డుమార్గం నాలుగు గంటలలోపే. దసరా రోజుల్లో వెళితే పొద్దున్నే లేవండి. బుక్కపట్నం చెరువు వైపు నడక బాగుంటుంది. వానలు కురిసిన ఏడైతే నీళ్లూ కనిపిస్తాయి.