చివర కత్తిరించిన మాట



ఇది నా తప్పును గూర్చిన సాక్ష్యము. చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది. అయినను ఒక్క కుటుంబమునకైనా మేలు కలుగునని వ్రాయుచున్నాను.

2018 మే నెల. భూపాలపల్లిలో ఎండలు మండిపోతున్నవి. ఆ బుధవారం గృహ ప్రార్థన ముగిసిన తరువాత మన విశ్వాసి ఒకరు తన ఫోనులో ఒక వీడియో చూపించారు. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకొనుచున్న బిడ్డను ఎత్తుకొని పోయినారు. నా గుండె ఝల్లుమన్నది. వెంటనే నిలువబడి, "పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుచున్నవి, కొత్తవారు కనబడితే జాగ్రత్త!" అని అందరికీ హెచ్చరిక చేసితిని. ఎవరినీ విచారించలేదు. బిడ్డలపై ప్రేమతోనే చెప్పుచున్నానని అనుకొంటిని.

మూడవ దినమున కేకలు వినబడి పరుగెత్తితిని. పాత చీరెలకు స్టీలు గిన్నెలిచ్చే ఒక మనిషిని జనము చుట్టుముట్టినారు. ఆయనకు తెలుగు సరిగా రాదు. గిన్నెల మూట చెదిరిపోయినది, పెదవి చిట్లి రక్తము కారుచున్నది. పట్టుకొన్న వారిలో మన సంఘపు యౌవనస్థులు ఇద్దరు ఉన్నారు.

అంతలో మన సంఘములోని ఒక వృద్ధ విధవరాలు కర్ర ఊతతో నడుచుకొంటూ వచ్చి అడ్డము నిలిచినది. "ఆగుండ్రి బిడ్డా! ఈయన పోయినేడు మా అరుగు మీద కూసొని అన్నం తిన్నడు. దొంగ అని మీకెవలు చెప్పిండ్రు?"

ఒక యౌవనస్థుడు తల దించుకొని, "అయ్యగారే చెప్పిండు గద అవ్వా" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట నాకు కత్తిపోటువలె తగిలినది. ఆ మనిషి చేతులు పట్టుకొని క్షమించమని వేడుకొంటిని. ఆయన మంచినీళ్లు అడిగి, త్రాగి, గిన్నెలు ఏరుకొని వెళ్లిపోయినాడు.

తరువాత నిజము తెలిసినది. ఆ వీడియో కరాచీ నగరములో ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లల భద్రత కొరకు తీసిన చిత్రము. అసలు చిత్రములో ఆ మనుష్యులు బిడ్డను తిరిగి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించే అట్టను చూపింతురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించి వేసిరి. ఆ మే నెలలోనే మన తెలంగాణలో బీబీనగర్ వైపున, నిజామాబాద్ జిల్లాలో ఇట్టి అనుమానముతోనే ప్రాణములు పోయినవి. జూలై 1న మహారాష్ట్రలోని రాయిన్‌పాడ గ్రామములో భిక్షాటనకు వచ్చిన సంచార కులస్థులు ఐదుగురిని కొట్టి చంపిరి. అదే నెలలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసినది. గద్వాల జిల్లాలో నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను గ్రామగ్రామమునకు పంపి, పాటలతో ప్రజలకు నిజము తెలియజేసిరి.

దేవాలయ శిఖరమున సాతాను చేసినదీ ఇదే కదా! 91వ కీర్తన మాటనే ఎత్తి చెప్పినాడు. దేవుని మార్గములలో నడుచు వానికే ఆ కాపుదల అన్న భావము మాత్రము విడిచిపెట్టినాడు. సగము సత్యము పూర్తి అబద్ధము కంటె ప్రమాదకరము. ప్రభువు మిగిలిన వాక్యము నెరిగినవాడు గనుక మోసపోలేదు.

నిర్గమకాండము 23వ అధ్యాయపు మొదటి రెండు వచనములు తెరచి చూడండి. లేని వార్త పుట్టించవద్దనియు, కీడు చేయుటకు గుంపు వెంట పోవద్దనియు దేవుడు ఒకచోటనే ఆజ్ఞాపించెను. మొదటిది రెండవదానికి దారి తీయునని ఆయనకు తెలియును. బెరయవారు పౌలు చెప్పిన మాటనైనను లేఖనములతో పరిశీలించిరి. అట్లయిన పాస్టరు చెప్పిన మాటను పరిశీలించుట అవిధేయత కాదు.

తరువాతి ఆదివారము ప్రసంగ పీఠము నుండే నా తప్పును ఒప్పుకొంటిని. ఇప్పుడు ఏ వార్త వచ్చినను మా ఇంట మూడు ప్రశ్నలు వేసుకొందుము: కన్నులార చూచినది ఎవరు? అవతలి మనిషి మాట విన్నామా? ఇది నమ్మితే దెబ్బ తినేది ఎవరు?

ఆ అవ్వకు చదువు రాదు, ఫోను లేదు. అయితే తన అరుగు మీద అన్నము తిన్న మనిషి ముఖమును ఆమె మరువలేదు. సత్యము తెలిసికొనుటకు ప్రేమ కూడ ఒక కన్ను అని ఆమె వద్దనే నేర్చుకొంటిని.

ప్రభువు మన చెవులకును, నాలుకకును కావలి యుంచును గాక. ఆమేన్.