రైతు వదిలేసిన నేలలో కీటకాల చరిత్ర

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒరాంజ్ పట్టణానికి కొద్ది దూరంలో ఉన్న చిన్న ఊరు సెరిన్యాన్. అక్కడ ప్రహరీ వెనుక గులాబీ రంగు ఇల్లు, దాదాపు హెక్టారు తోట కనిపిస్తాయి. దాని పేరు అర్మాస్. ప్రావెన్స్ ప్రాంతపు మాటలో సాగుకు పనికిరాని రాళ్ల నేల అని అర్థం. కీటక శాస్త్రవేత్త ఝాన్ హెన్రీ ఫాబ్ర్ ఏళ్ల తరబడి కలలుగన్నది సరిగ్గా అలాంటి బంజరు కోసమే. ముళ్ల మొక్కలు, మండే ఎండ ఉన్నచోటికే కందిరీగలు, తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి మరి.

1823లో పేద కుటుంబంలో పుట్టిన ఫాబ్ర్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆవిన్యాన్‌లో అమ్మాయిలకు పూల ఫలదీకరణం గురించి చెప్పడం ఛాందసులకు గిట్టలేదు. 1870లో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఇచ్చిన అప్పు ఆ గండం గట్టెక్కించింది. పాఠ్యపుస్తకాలు రాసి కూడబెట్టిన డబ్బుతో 1879లో, 55 ఏళ్ల వయసులో అర్మాస్ కొన్నారు.

చచ్చిన పురుగులను సూదికి గుచ్చి పేర్లు పెట్టడం కాదు, బతికున్నవాటి బతుకును చూడటమే ఆయన పద్ధతి. 1896లో పైన్ చెట్ల గొంగళిపురుగులు ఓ కుండీ అంచున ఒకదాని వెనుక ఒకటిగా వారం రోజులపాటు గుండ్రంగా తిరగడాన్ని ఓపికగా గమనించారు. తిండి పక్కనే ఉన్నా అవి వరుస వదల్లేదు. ఇలాంటి ముచ్చట్లతోనే 1907 నాటికి 10 సంపుటాల 'కీటక స్మృతులు' పూర్తయ్యాయి. పండితులకు మరీ తేలికనిపించిన ఆ భాషే వాటిని పిల్లల దాకా, జపాన్ దాకా చేర్చింది.

పరిశీలనలో ఆయనకు సాటిలేరని మెచ్చుకున్నది చార్లెస్ డార్విన్. ఆ డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని ఫాబ్ర్ మాత్రం 1915లో కన్నుమూసేదాకా ఒప్పుకోలేదు. సహజ ప్రవృత్తి మారదన్నది ఆయన నమ్మకం. శాస్త్రం చివరకు డార్విన్ వైపే నిలిచింది. అయినా ఫాబ్ర్ కళ్లతో చూసి రాసింది చెక్కుచెదరలేదు.

ప్రభుత్వం 1922లో కొన్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అయితే అసలు ప్రదర్శన బయటి తోటలోనే ఉంది. జర్మనీ రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో ఓ అధ్యయనం తేల్చింది. పనికిరాదని వదిలేసిన నేల ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవడానికి అర్మాస్‌ను మించిన బడి లేదు.