కూర్చుండి పనిచేయు బల్ల

మనుష్యుడు చేతిపని నేర్చిన నాడు అతనికి దొరకిన మొదటి బల్ల నేలయే. ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు త్రోవలో, అడవి యంచున నున్న పల్లెలయందు నేటికిని పలువురు పనివారికి అదియే బల్ల. మేదరి నేలపై కూర్చుండి, వెదురుబద్దను కాలివ్రేళ్లతో నొక్కిపట్టి, కత్తితో పొరలు తీసి తట్టలును చేటలును అల్లును. వడ్రంగి చింతమొద్దు ముందు గొంతుకూర్చుండి, కొయ్యను పాదముతో అదిమిపట్టి, బాడిసతో చెక్కును. అతని పనిముట్లు ఒక సంచిలో ఇమిడిపోవును. పిలిచిన యింటికి ఆ సంచితో పోయి, అక్కడి చెట్టునీడనే పనిశాలగా చేసికొనగలడు. ఇంత చవుకయైన యేర్పాటు వేరొకటి లేదు. ఇది నాగరకత యెరుగని పద్ధతి యని యెవరైన ననినచో అది తొందరపాటు మాట.

అయినను నేల యొక సుంకము వసూలు చేయును. ఆ సుంకము చెల్లించునవి మోకాళ్లును నడుమును. గొంతుకూర్చున్నపుడు మోకాలు పూర్తిగా ముడుచుకొని కీలుపై ఒత్తిడి మిక్కిలి పెరుగును. యౌవనమున అది తెలియదు. అరువది యేండ్లు దాటిన పిదప, చేతి నేర్పు చెడకున్నను, కూర్చున్న చోటినుండి లేచుటకు గోడ ఆసరా కావలసివచ్చును.

అట్టి వృద్ధ వడ్రంగి నొకనిని ఊహింపవచ్చును. ట్రాక్టర్లు వచ్చిన తరువాత నాగళ్లు చేయు పని తగ్గిపోయినది. తలుపులు పట్టణపు దుకాణములలో సిద్ధముగా దొరకుచున్నవి. అతనికి మిగిలినవి గొడ్డలికామలు, పారకామలు, రోకళ్లు, పీటలు. ఆ పనియు మానినచో ఇంటికి నాలుగు రూపాయలు రాకపోవుట యొకటి. ఏబది యేండ్ల విద్య చేతిలో నుండియు కాళ్లవలన నిరుపయోగమగుట మరియొకటి. రెండవదే అతనికి పెద్ద దుఃఖము.

“తాతా! కొత్తగూడెములో వడ్రంగులు బల్లమీద పని చేయుచున్నారు గదా, నీకును ఒకటి యుండిన నేమి?” అని మనుమరాలు అడుగును.

“అది నిలుచుండి చేయు బల్ల, తల్లీ! నిలుచున్నను నొచ్చునవి ఈ కాళ్లే గదా” అని తాత యనును.

అతనికి కావలసినది కూర్చుండి, పాదములు నేలపై నాన్చి, చేతుల కందు నెత్తున పనిచేయు బల్ల.

ఇట్టి చిక్కునకు తెలుగు నేతగాండ్రు ఎన్నడో యొక ఉపాయము కనుగొనిరి. గుంటమగ్గమును చూచినవారికి అది తెలియును. నేతగాడు నేలమట్టముననే కూర్చుండును. కాని అతని కాళ్లు ముందున్న గుంటలో దిగి తొక్కుడుకర్రలపై ఆనియుండును. వస్త్రము అతని ఒడికి పైగా, చేతుల కందుబాటులో పరచుకొనియుండును. బల్లను పైకెత్తుటకు మారుగా కాళ్లను క్రిందికి దింపిరన్నమాట. పోచంపల్లిలో ఇట్టి మగ్గములు నేటికిని కలవు. పనిని పనివాని శరీరమునకు సరిపుచ్చు విద్యకు 1857లో పోలెండు దేశపు శాస్త్రజ్ఞుడు యాస్త్‌షెంబోవ్‌స్కీ ఎర్గొనామిక్స్ అను పేరు పెట్టెను. పేరు లేకయే ఆ పని చేసినవారు అంతకు ముందును కలరు.

బల్ల చేయదలచినవాడు మొదట బల్లను చేయరాదు. కూర్చుండు పీటను చేయవలెను. పలువురు బల్లను ముందు చేసి, దానికి తగిన ఆసనమునకై వెదకుదురు. అది తలక్రిందుల పని. మట్టినేలపై ముక్కాలిపీట మేలు. నాలుగు కాళ్లది మిట్టపల్లములలో ఊగులాడును. మూడు కాళ్లు ఎట్టి నేలపైనను ఒక్కసారే ఆనును. అయితే అది అంచునకు ఒరిగినవానిని పడవేయును గనుక, దాని కాళ్లు వెలుపలికి బాగుగా చాచియుండవలెను.

పీట యెత్తు 42 సెంటీమీటర్లు అనుకొన్నచో, దానిపై తాత కూర్చుండగా మనుమరాలు దర్జీ టేపుతో కొలుచును. పీటనుండి మడిచిన మోచేతి వరకు 22. నేలనుండి లెక్కించిన 64. కామ చెక్కువానికి బల్లపైన కొయ్య మందము కూడ నుండును గనుక, బల్ల మోచేతికంటె కొంత క్రిందుగా, 58 వద్ద నుండిన చేతులకు హాయి. కాని పలక మందము 4. 58లో 4 పోగా 54. అందు పీట యెత్తు 42 పోగా మిగిలినది 12. తాత తొడ మందము 14! కాళ్లు బల్లక్రిందికి దూరవు. చేతులు క్రిందికి లాగుచున్నవి, కాళ్లు పైకి త్రోయుచున్నవి. ఈ తగవును 62 వద్ద తీర్పవలెను. అపుడు క్రింద 16 చోటు దొరకును, చేతులకును పెద్ద కష్టము లేదు.

కాళ్లను కలుపు అడ్డపట్టీని ముందువైపున బిగించినచో ఈ లెక్క యంతయు వ్యర్థము. 8 సెంటీమీటర్ల పట్టీ యొకటి అడ్డువచ్చిన మోకాళ్లు దానికే కొట్టుకొనును. కావున పట్టీలు వెనుకను ప్రక్కలను మాత్రమే యుండవలెను.

కలప మాట. అడవి దగ్గరనే యున్నను టేకుచెట్టును అనుమతి లేక నరకుట నేరము. డిపోలో కొనవలెను, లేదా కూల్చిన పాత యింటి దూలమును సంపాదింపవలెను. పాత దూలమే మేలు. ఏండ్ల తరబడి ఆరిన కొయ్య ఇక వంకర తిరుగుట అరుదు. మామిడిపలక చవుక గాని పురుగు పట్టును.

కూర్చున్నవాడు చిత్రికను ముందునకు త్రోసినచో బల్లయు ముందునకు జరుగును. జపాను వడ్రంగులు చిత్రికను, రంపమును తమవైపునకే లాగుదురు. నేలపై కూర్చుండి చేయువారికి అది అనుకూలము. అలవాటు మార్చుకొనలేని తాత బల్లను గోడకు చేర్చి, క్రింది పట్టీలపై ఒక బండను పెట్టిన చాలును.

ఇక కొయ్యను పట్టుకొనునది యేది? నేలమీద పాదము ఆ పని చేసెడిది. బల్లపై పాదమునకు చోటు లేదు. అందుకు పలకలో రెండు రంధ్రములు తొలిచి, త్రాటిని కొయ్యమీదుగా వేసి, రెండు కొనలను రంధ్రములగుండ క్రిందికి దింపి ముడివేసి, ఆ త్రాటిలో పాదము నుంచి నొక్కవలెను. నొక్కిన పట్టు, వదలిన విడుపు. ఇనుప బిగింపుమర కంటె ఇది త్వరితము; కామను మాటిమాటికి త్రిప్పుకొనుచు చెక్కువానికి ఆ త్వరితమే కావలెను. కాలికి దాని పాత ఉద్యోగము, మోకాలు ముడువ నక్కరలేకుండ, మరల దొరకినది.

తాత కూర్చుండి తొలి కామను త్రాటిక్రింద బిగించును. మనుమరాలు వంగి, అతని తొడకును పలకకును నడుమ తన వ్రేలు దూర్చి చూచును. దూరినది.