కాళ్ళ మీది ఎర్రమచ్చలు, మరచిపోయిన మూత్రపరీక్ష

మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్ళ కింద ఎర్రని లేదా ఊదారంగు మచ్చలు లేస్తే, ఒక గాజుగ్లాసును వాటి మీద గట్టిగా నొక్కి చూడండి. మామూలు దద్దుర్లయితే రంగు వెలిసిపోతుంది. వెలియకపోతే రక్తం నాళం దాటి చర్మంలోకి ఇంకిందన్నమాట. ఆ మచ్చలు వేలికి ఉబ్బెత్తుగా కూడా తగిలితే చర్మపు రక్తనాళాల వాపును, అంటే వాస్క్యులైటిస్‌ను, అనుమానించాలి.

ఈ పరీక్ష నేను చేయని రోజు ఒకటుంది. తాండూరులో నాపరాళ్ళు పాలిష్ చేసే నడివయసు మనిషి ఒకరు వచ్చి కాళ్ళు చూపారు. "ఏదో తిన్నది పడలేదు సారూ" అన్నారు. నేనూ అదే అనుకుని ఎలర్జీ మాత్రలు రాశాను. మూడు వారాలకు పాదాలు ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారి మళ్ళీ వచ్చారు. మూత్రంలో రక్తమూ, ప్రోటీనూ కనిపించాయి. హైదరాబాదుకు పంపితే ఆంకా పరీక్ష పాజిటివ్‌గా వచ్చింది. ప్రాణం దక్కింది గాని మూత్రపిండాలు పూర్తిగా కోలుకోలేదు.

ఆంకా అంటే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల మీద మన దేహమే తయారుచేసుకునే యాంటీబాడీ. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు దీనిని మొదట వర్ణించారు. 1985లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసంతో దీని ప్రాముఖ్యం తెలిసింది. ఆ కణంలోని ప్రోటీనేజ్-3, మైలోపెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములు దీని ప్రధాన లక్ష్యాలు. యాంటీబాడీ అంటుకోగానే న్యూట్రోఫిల్ రెచ్చిపోయి సన్నని రక్తనాళాల గోడలనే దెబ్బతీస్తుంది. అటువంటి నాళాలు చర్మంలోనే కాదు, మూత్రపిండాల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉన్నాయి. సిలికా ధూళి పీల్చేవారిలో ఈ జబ్బు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. తాండూరు రాయి సున్నపురాయే అయినా అందులో సిలికా ఉంటుంది. ఆయన జబ్బుకు ఆ దుమ్మే కారణమని నేను రుజువు చేయలేను. కానీ ఆ రోజు ఆయన పని ఏమిటని అడిగి, విని, ఊరుకున్నాను.

అలాగని ఆంకా పాజిటివ్ రాగానే స్టెరాయిడ్లు మొదలుపెట్టడం మరో పొరపాటు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో క్షయరోగుల కోసమే ఆసుపత్రి వెలసింది. ఆ క్షయలో కూడా ఆంకా పాజిటివ్ రావచ్చు. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లోనూ, థైరాయిడ్‌కు వాడే కొన్ని మందులతోనూ రావచ్చు. క్షయ ఉన్నదీ లేనిదీ చూడకుండా స్టెరాయిడ్లు ఇస్తే అది మరింత విజృంభిస్తుంది. ఇక వాపు చర్మానికే పరిమితమైన వారిలో ఎక్కువమందికి ఆంకా నెగెటివే. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది కూడా.

కాబట్టి మచ్చలు చూడగానే ఖరీదైన ఆంకా పరీక్షకు మీ అంతట మీరు పరుగెత్తకండి. ముందు మూత్రపరీక్ష, క్రియాటినిన్, రక్తపోటు చూపించుకోండి. తొలిరోజు మూత్రం బాగుందన్నా అక్కడితో ఆపవద్దు. మూత్రపిండం ఆలస్యంగా దెబ్బతినవచ్చు. వారానికోసారి, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువుల్లో కొన్ని నెలలపాటు మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించండి.