లేని తీగకు జవాబు

భూపాలపల్లి సింగరేణి బొగ్గు లారీ అయినా, మహబూబాబాద్ మిర్చి, జనగామ వడ్లు మోసే బండి అయినా ఎక్కేది వేబ్రిడ్జే. చాలా వేబ్రిడ్జిల్లో బరువు ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు ఇప్పటికీ సీరియల్ పోర్టు మీదుగానే చేరుతుంది. ఆ పోర్టుకు ఆధారమైన, 1960లో పుట్టిన ఆర్‌ఎస్-232 ప్రమాణం మోడెమ్‌ను దృష్టిలో పెట్టుకున్నది. తొమ్మిది పిన్నుల పోర్టులో ఆరు మోడెమ్ మంచిచెడులకే. బరువు పంపడానికి మిగతా మూడూ చాలు. అందుకే చిన్న కంప్యూటర్ బోర్డుల్లో చాలావాటి మీద ఆ ఆరింటినీ అసలు వేయరు. మరి క్యారియర్ (అవతలి మోడెమ్ సంకేతం) ఉందా అని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ అడిగితే, పోర్టును నడిపే డ్రైవర్ ఏమనాలి? లినక్స్ నియమం ప్రకారం డీసీడీ (క్యారియర్ ఉంది), డీఎస్‌ఆర్ (మోడెమ్ సిద్ధం), సీటీఎస్ (పంపవచ్చు) పిన్నులు లేకపోతే ఆ సంకేతాలు ఎప్పుడూ ఉన్నట్టే చెప్పాలి. ఫోను మోగుతోందని చెప్పే ఆర్‌ఐ లేకపోతే మాత్రం లేదనే చెప్పాలి, లేకుంటే ఎవరూ చేయని ఫోను మోగుతూనే ఉంటుంది!

లేని పిన్నును ఉన్నట్టు చెప్పడం అబద్ధం కాదా అనవచ్చు. నా దృష్టిలో కాదు. కెర్నల్‌కు కావలసింది తీగల లెక్క కాదు, ముందుకు పోవచ్చా లేదా అన్నది. డీసీడీ లేదంటే పోర్టు తెరవడమే రాని క్యారియర్ కోసం ఆగిపోతుంది. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టిన చోట సీటీఎస్ లేదంటే ఒక్క అక్షరమూ బయటికి పోదు. మోడెమ్ పిన్నులను పట్టించుకోవద్దనే సీలోకల్ సెట్టింగు పెట్టుకోవడం అప్లికేషన్ బాధ్యత కదా అంటే, ఆ సెట్టింగు మార్చడానికైనా ముందు పోర్టు తెరవాలి. ఆగకుండా తెరిచే పద్ధతి ఉంది గానీ, అన్ని ప్రోగ్రాములూ దాన్ని వాడవు. బలమైన అభ్యంతరం వేరే ఉంది: కేబుల్ ఊడినా అంతా బాగున్నట్టే కనబడదా? పిన్ను బోర్డు మీద ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు, చదివిందే చెప్పాలి. ఏ పిన్ను ఉందో డ్రైవర్ ఊహించకుండా, బోర్డు మీద ఏముందో వివరించే డివైస్ ట్రీ నుంచి తెలుసుకోవాలి.