నీటిని మింగే నేల

బాలలూ! వానలు బాగా కురిసే చోట వాగు ఒక్కటీ ఉండదంటే నమ్ముతారా? స్లొవేనియా దేశంలోని క్రాస్ పీఠభూమి అటువంటిదే. మొన్న వేసవిలో మా మనుమరాలితో చూసి వచ్చాను. ఎటు చూసినా తెల్లని రాళ్ళూ, గిన్నెల్లాంటి గుంటలూ! అక్కడి నేలంతా సున్నపురాయి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కాస్త పులుపెక్కి, రాతిని కరిగిస్తూ పగుళ్ళలోకి దిగిపోతుంది. మన బెలుం గుహలున్నదీ సున్నపురాతిలోనే సుమా! ఇటువంటి నేలలకు "కార్స్ట్" అన్న పేరు ఈ క్రాస్ వల్లనే వచ్చింది.

రేకా అనే నది ష్కోత్స్యాన్ గుహల్లో దూరి, సుమారు 40 కిలోమీటర్లు భూగర్భంలో పోయి, ఇటలీలో సముద్రతీరం దగ్గర పైకి వస్తుంది.

దగ్గరలోనే పోస్తోయ్నా గుహ. పొడవు 24 కిలోమీటర్లు. లోపలికి రైలుబండి ఉన్నది! 1872లో పట్టాలు వేసినప్పుడు పెట్టెలను మనుషులే తోసేవారట. వేసవిలోనూ లోపల 10 డిగ్రీల చలి. శాలువా మరచి నేను గడగడ వణికాను.

ఒక సున్నపు స్తంభం అందుబాటులో ఉంటే చెయ్యి చాచాను. "తాతగారూ, ముట్టుకోకూడదు!" అని మనుమరాలు నా చెయ్యి లాగేసింది. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం సరిగా పేరుకోదు. ఒక్క మిల్లీమీటరు పెరగడానికే పదేళ్ళో, అంతకన్న ఎక్కువో పడుతుంది. అంతమందికి పాఠం చెప్పినవాణ్ణి, సిగ్గుపడ్డాను.

ఆ చీకటి నీళ్ళలో ఓల్మ్ అనే జానెడు జంతువున్నది. కళ్ళు కనిపించవు; తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతకగలదు. కాని మురికి నీటిలో బతకలేదు. పగుళ్ళున్న ఈ నేల నీటిని వడకట్టదు గదా! పైన పొలంలో పోసిన విషం నేరుగా దాని దగ్గరకే దిగుతుంది. క్రాస్ ఊళ్ళవాళ్ళు తోడుకొని తాగేదీ భూగర్భంలోని అటువంటి నీళ్ళే.