రైలు కూత వినబడితే తలెత్తుతా

మాది డోన్. స్టేషన్‌కి దగ్గర్లోనే ఇల్లు. మావాడి ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు నా చేతికొచ్చింది. పనంతా అయ్యాక, రాత్రి లైటార్పేసి మంచం మీద కూర్చుని రాసుకోవడం అలవాటైంది. కొన్నాళ్లకు కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, కణతల్లో పోటు. అమృతాంజనం రాసుకుని ఊరుకునేదాన్ని. ఒకరోజు "అమ్మా, ఈ లెక్క చెప్పవా?" అని వచ్చినవాడి మీద ఇంతెత్తున లేచాను. పాపం, పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ.

మర్నాడే కళ్ల డాక్టర్‌కి చూపించుకున్నా. మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా రెప్పలేస్తామట, తెర చూస్తుంటే అందులో సగమే వేస్తామట. కళ్లు ఆరిపోయేది అందుకే. నలభై దాటాయి కదా, దగ్గరి చూపుకి అద్దాలూ రాశారు. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. కాసేపు ఏరడం, తలెత్తి వీధిలోకి చూడటం, పోయేవాళ్లను పలకరించడం. డాక్టర్ చెప్పింది ఆమె ఎప్పట్నుంచో చేస్తోంది!

ఇప్పుడు పగలే రాసుకుంటున్నా, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చుని, తెర కంటికి కాస్త కిందుగా పెట్టుకుని. ఫోన్లో గంట పెట్టుకున్నా. మాది జంక్షన్ కదా, రైలు కూత వినబడినా తలెత్తి ఎదురింటి వేపచెట్టు చూస్తా. తలనొప్పి పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

నిన్న మావాడు మళ్లీ లెక్కల పుస్తకం తెచ్చాడు. ముందు "తల నొప్పిగా లేదు కదమ్మా?" అని అడిగి, తర్వాతే తెరిచాడు.